ఆమె మాటల వెనక దగ్గు

మా స్టూడియోలో బల్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. దాని మూలంగా నాకూ మా ఆయనకూ అప్పుడప్పుడు చెడుతుంది. కొత్తది వచ్చి చాలా కాలమైంది, పనులన్నీ దాని మీదే, ఇంకా ఈ ఇనుప డబ్బా ఎందుకని ఆయన గోల. మొన్న పాత సామాన్లు కొనే బండి నిజామాబాద్‌లోని మా కంఠేశ్వర్ గల్లీలోకి రాగానే, నేను చాయ్ పెట్టడానికి లోపలికి పోయిన సందు చూసి, దాన్ని ఎత్తుకుని గడప దాకా తెచ్చాడు. నేను పొయ్యి ఆర్పేసి పరుగున వచ్చి డబ్బా మీద చెయ్యేశాను.

"గీంట్ల ఏమున్నదే? బంగారం ఏమన్న దాసినవా?" అన్నాడు.

"కార్డున్నది. మనది గాదు. ఆ బాపుది."

బండివాడు మా ఇద్దరి మొహాలూ చూసి, ఇది తేలే బేరం కాదనుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన డబ్బాను మళ్ళీ బల్ల కిందికి తోశాడు. ఆ బాపు అంటే ఎవరో ఆయనకు తెలుసు. ఆ మనిషి మెట్లెక్కడం కనబడితే చాలు, కెమెరా సంచీ భుజానికి తగిలించుకుని ఏదో అర్జెంటు పనున్నట్టు బయటికి జారుకునేవాడు.

ఆ బాపు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. తన పేరు ఎక్కడ పడినా దాంతో ఎవరో ఏదో చేస్తారని ఆయన అనుమానం. మొదటిసారి వచ్చినప్పుడు, పని తీసుకునే ముందు అందరినీ అడిగినట్టే పేరేంటని అడిగాను. "ఎందుకు? మల్లొస్తే నన్ను గుర్తువట్టవా?" అన్నాడు. గుర్తుపట్టకపోవడమా! అటువంటి మనిషిని ఒకసారి చూశాక మర్చిపోవడానికి ఏం మందు మింగాలో నాకు తెలియదు.

బోధన్ దగ్గరి పల్లె ఆయనది. చెరుకు రైతు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబు గుండీ ఎప్పుడూ పెట్టే ఉండేది. మా స్టూడియోలో నాలుగు కుర్చీలుంటే మూడు వదిలేసి, గోడకు ఆనించి ఉన్న నాలుగోదాంట్లోనే కూర్చునేవాడు, వీపు వెనక ఎవరూ ఉండకూడదని. ఆదివారం చర్చిలో కూడా తలుపు కనబడే బెంచీయే కావాలట. చాయ్ ఇస్తే ముందు వాసన చూసేవాడు. మంచినీళ్ళిచ్చినా వాసన చూసేవాడు. టీవీలో వార్తలు వస్తుంటే కాసేపు శ్రద్ధగా విని, "మంచిగనే చెప్తుండు. గని ఎనుక ఏమున్నది?" అనేవాడు. అది ఆయన ఊతపదం. స్వీటు పెట్టెకైనా, చుట్టం పిలుపుకైనా, వాన పడుతుందన్న మాటకైనా ఆయన అడిగే ప్రశ్న అదొక్కటే, ఎనుక ఏమున్నది.

ఇంకొకటి ఉండేది. ఎవరు దగ్గినా గిరుక్కున తల తిప్పేవాడు. గల్లీలో పోయేవాళ్ళు దగ్గినా సరే, చెవి అటు పడేసి వినేవాడు. ఒకసారి మా ఆయనకు జలుబు చేసి ఖళ్ళుఖళ్ళుమంటుంటే, కుర్చీ లోంచి లేచి దగ్గరకు పోయి, "మీది అసలు ఏ ఊరు? బోధన్ దిక్కు ఎన్నడన్న పని చేసినవా?" అని అడిగాడు. ఆ చూపుకు మా ఆయన బెదిరిపోయాడు. ఆయన జారుకోవడం మొదలైంది ఆ రోజు నుంచే. నేనూ అప్పట్లో ఇదేదో చాదస్తమనే అనుకున్నాను.

పెళ్ళి వీడియోలు, ఫోటోలు మా ఆయన చూసుకుంటాడు. జనం ఇళ్ళల్లో మూలన పడున్న పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం నా పని. ఈయన మొదటిసారి ఒక స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టాడు గాని దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"క్యాసెట్ ఎక్కిస్తరట గదా బిడ్డా?"

"ఎక్కిస్తం బాపూ."

"దేంట్ల ఎక్కిస్తరు?"

"కంప్యూటర్ల."

"కంప్యూటర్ల అంటే దేంట్ల? బోర్డు మీది సౌండ్లనా, ఏరే కార్డు ఉన్నదా?"

నేను నోరు తెరిచాను. ఈ పనిలో ఇన్నేళ్ళుగా ఉన్నా, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. క్యాసెట్ లోంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే లెక్కలుగా మార్చే పలకే సౌండ్ కార్డు. ఒకప్పుడు దాన్ని విడిగా కొని కంప్యూటర్ లోపల గుచ్చేవాళ్ళు. ఇప్పుడా పని మదర్‌బోర్డు మీదే ఒక చిన్న చిప్పు చేసేస్తుంది, విడిగా కొనే అవసరం లేదు. ఆ సంగతే చెప్పాను. కొత్త కంప్యూటర్‌లో చిన్న గుయ్ శబ్దం కూడా ఉండదు బాపూ, అద్దంలా వస్తుంది అని కాస్త గొప్పగానే చెప్పాను.

"అద్దమొద్దు నాకు" అంటూ డబ్బా మూత తీశాడు. వెండిరంగు ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక పాత కార్డు, దాని పక్కన ఒకే ఒక క్యాసెట్. బోధన్‌లో రేడియోలు బాగుచేసే ఒక సాబ్ ఇచ్చాడట ఆ కార్డు. "ఆ సాబ్ చెప్పిండు. కొత్త మిషిన్లు ఆవాజ్‌ను సాఫ్ చేసి ఇస్తయట. అసలుది దొరకదట."

ఒళ్ళు మండింది నాకు. వద్దన్నా వినకుండా కొత్తదాంట్లోనే ఒక ముక్క ఎక్కించి హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. ఒక ఆడమనిషి గొంతు. స్పష్టంగా, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్లు పీకేసి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"తుడిచేసినవ్."

"ఏం తుడిచిన బాపూ? మాటలు మంచిగ ఇనవడ్తలేవా?"

"మాటలు ఎవలిగ్గావాలె. ఎనుకది తుడిచేసినవ్. ఎవలు చెప్పిన్రు నీకు తుడువుమని? మా ఇంటోళ్ళు ఎవలన్న వచ్చిపోయిన్రా?"

ఇదెక్కడి గోలరా దేవుడా అనుకున్నాను. నిజానికి జరిగింది చిన్న సంగతే. కొత్త కంప్యూటర్లలో మాట ఒక్కటే ఉంచి వెనక చప్పుళ్ళు తగ్గించే ఏర్పాటు ముందే పెట్టి ఉంటుంది. దాన్ని ఆపేస్తే వెనకది కూడా వస్తుంది. ఆపి వినిపిస్తానన్నాను. నమ్మితేగా! ఆపినట్టు చూపించి ఆపకపోతే తనకెలా తెలుస్తుందన్నాడు. చివరికి బల్ల కింది పాత డబ్బా బయటికి లాగి, ఆయన ముందే మూత విప్పి, ఆయన కార్డు గుచ్చి, తీగలు కలిపితే గాని ఆయన కుదుటపడలేదు. దాంట్లో సుయ్యిమని గాలి తోలినట్టు మోత. ఆ మోత వింటూ ఆయన తృప్తిగా తల ఊపాడు. "గిదీ. గిది ఏం దాస్తలేదు."

అలా ఎన్నిసార్లు వచ్చాడో! క్యాసెట్ మా దగ్గర వదిలిపోయేవాడు కాదు, మార్చేస్తామని. కార్డు కూడా ప్రతిసారీ ఊడదీసి డబ్బాలో పెట్టుకుపోయేవాడు. రికార్డు చేసింది నా చేతనే డిలీట్ చేయించి, మళ్ళీ కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా తీయించి, "ఇంకేడన్న ఉంటదా?" అని అడిగేవాడు. ఇంటర్నెట్ పెట్టెలో లైటు మిణుకుమంటుంటే అటెవరో వింటున్నారని, అది ఆర్పేదాకా టేపు ముట్టుకోనిచ్చేవాడు కాదు.

టేపు పెట్టే ముందు ప్రతిసారీ ఒక పరీక్ష. చెరుకు రైతుల పద్ధతేనట అది. దారి పక్క ప్రైవేటు కాంటా దగ్గర చెరుకు బండి తూచే ముందు, వాళ్ళ నాయన తనకు తెలిసిన బరువు ఒకటి కాంటా ఎక్కించేవాడట. ఇంట్లో తూచి తెచ్చిన వడ్ల బస్తా. దాంతో కాంటా గుణం తెలిసిపోతుంది. "తెలిసింది ముందుగాల ఎక్కియ్యాలె బిడ్డా. అప్పుడే తెల్వనిది నమ్మచ్చు" అనేవాడు. ఇక్కడ బస్తా లేదు కాబట్టి తన గొంతే ఎక్కించేవాడు. మైకు దగ్గర నోరు పెట్టి రెండు మాటలు చెప్పి, మధ్యలో దగ్గేవాడు. దగ్గు ఆయనకు మామూలే, ముందొక చిన్నది, వెంటనే ఒక పెద్దది. తర్వాత అది విని మొహం ముడిచేవాడు.

"గిది నా గొంతు లెక్క లేదు. నా గొంతు గింత పల్చగుంటదా?"

"ఎవరి గొంతు వాళ్ళకు గట్లనే అనిపిస్తది బాపూ."

"లేదు. మిషిన్ల ఏదో ఉన్నది" అని గొణుక్కుంటూనే, సరే పెట్టు, అనేవాడు.

నాకు మాత్రం అనుమానం రాదా? గోడకు ఆనుకుని కూర్చుని, ఆడమనిషి మాటలు వద్దు, వెనకది కావాలనే మనిషిని ఏమనుకోవాలి? ఎవరినో పట్టించే పనేమో, కోర్టు గొడవేమో, రేపు పోలీసులొచ్చి నన్ను అడుగుతారేమో! ఒక మధ్యాహ్నం తెగించి, ఈ క్యాసెట్ సంగతేందో చెప్తేనే కంప్యూటర్ ఆన్ చేస్తానని చేతులు కట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. తలుపు వేసి రమ్మన్నాడు. వేసి వచ్చాను.

ఆ గొంతు ఆయన భార్యదట. ముప్ఫై ఏళ్ళ కింద ఆయన గల్ఫ్‌లో ఉన్నప్పుడు పంపింది. ఆమెకు చదువు రాదు. ఆ రోజుల్లో మా దిక్కు చాలా ఇళ్ళల్లో ఉత్తరాల బదులు క్యాసెట్లే నడిచేవి. అక్కడివాళ్ళు మాటలు ఎక్కించి, సెలవు మీద ఊరికొచ్చేవాళ్ళ చేతికిస్తారు. ఇంటివాళ్ళు విని, జవాబు ఎక్కించి, తిరిగి పోయేవాళ్ళతో పంపుతారు. అలా వచ్చిన ఒక క్యాసెట్‌లో, భార్య మాటల మధ్య, వెనకాల ఎవరో మగమనిషి దగ్గు వినబడిందట.

"నా ఇంట్ల. నేను లేనప్పుడు. మొగోని దగ్గు."

"మీ నాయనదేమో బాపూ."

"నాయిన అప్పటికే లేడు. ఇంట్ల ఆమె, ఇద్దరు చిన్న ఆడివిల్లలు. ఇంకెవలు లేరు."

"ఆమెను అడుగలేదా?"

"అడిగితే చెప్తదా?" అని నన్నే గద్దించాడు. "ఎంత తెలివి అనుకున్నవ్ ఆమెది! అదే క్యాసెట్ల 'నీకు దగ్గు మస్తున్నది, తగ్గిందా' అని నన్ను అడిగింది. ఎందుకు? దగ్గు టేపుల పడ్డదని తెలిసింది ఆమెకు. అందుకే దగ్గు ముచ్చట నా మీదికి మలిపింది."

ఆ క్యాసెట్ విన్న నెలలోపే పని వదిలేసి ఊరికి వచ్చేశాడు. మళ్ళీ పోలేదు. అప్పటి నుంచి ఊళ్ళో ప్రతి మగాడి దగ్గూ విన్నాడు. పక్కింటివాడు, బామ్మర్ది, చెరుకు కొట్టే మేస్త్రీ, చివరికి చర్చి పాస్టర్‌గారు. చావులకు పోయేది కూడా దగ్గులు వినడానికేనట. చలికాలం వస్తే ఆయనకు చేతినిండా పని. ఎవరి దగ్గూ కలవలేదు. ఇప్పుడు తనకు వయసు మీద పడింది, ఆ దగ్గినవాడు బతికున్నాడో లేదో, తెలుసుకోకుండా మాత్రం చావనని అన్నాడు. నాకు భయమేసింది. ఆ తర్వాత ఇంటికి పోయి ఆమెతో ఏం మాట్లాడతాడో అన్న భయం.

తర్వాతిసారి ఆమె కూడా వచ్చింది. నిజామాబాద్‌లో కళ్ళ డాక్టర్ దగ్గరకు తీసుకొచ్చాడట. పొట్టిగా, గుండ్రంగా, నవ్వు మొహం. ఆయన డాక్టర్ చీటీ మందులకు పక్క దుకాణానికి పోతూ, "గీడనే కూసో, యాడికి పోకు" అని ఆమెకు చెప్పి, తలుపు అద్దంలోంచి రెండుసార్లు తొంగిచూశాడు. ఆమె మురిసిపోయింది.

"సూసినవా బిడ్డా, గట్లనే. ఒక్క పూట నన్ను ఇడిసి ఉండడు. తల్లిగారింటికి పోయినా ఎంబడి వస్తడు. దుబాయిల మంచి నౌకరి ఉండె, నన్ను ఇడిసి ఉండలేక వచ్చిండు. మా వాడకట్టు ఆడోళ్ళందరు ఇప్పటికీ అంటరు, మొగడంటే నీ మొగడే అని."

నేను నవ్వాను, గాని ఆ నవ్వు నాకే బాగాలేదు. ఎందుకంటే ఆయన రోగం అప్పటికే నాకూ అంటుకుంది. ఆమె అంత హాయిగా నవ్వుతుంటే ఎనుక ఏమున్నది అని చూస్తున్నాను నేను. ఆమె గాజులు సర్దుకుంటే ఎందుకు సర్దుకుందని చూశాను. క్యాసెట్‌లో ఆ దగ్గు ఉంది కదా, నా చెవులతోనే విన్నాను కదా! ఛీ, ఏం బతుకు, ముక్కూమొహం తెలియని ఆడమనిషి గుణం నేను తూచడమేంది అని ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఇక దీన్ని తేల్చేయాలనుకున్నాను. మళ్ళీ ఒక్కడే వచ్చిన రోజు, పరీక్షా గొంతు ఎక్కించుకున్నాక, క్యాసెట్ మొత్తం పాత కార్డు మీద ఎక్కించాను. ఆమె మాట్లాడుతూ మధ్యలో ఒకచోట ఆగుతుంది. కోడిని అదిలించడానికేమో లేచినట్టుంది. దగ్గు వచ్చేది అక్కడే. ఆ ముక్కను విడిగా కోసి, శబ్దం ఎంత పెరిగితే అంత పెంచాను. సుయ్యిమనే మోత గదంతా నిండింది. ఒక చిన్న దగ్గు, వెంటనే పెద్దది. దాని తర్వాత, ఇంతకుముందెప్పుడూ వినబడనిది, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు ఒక మగ గొంతు. ఏవో మాటలు.

ఆయన లేచి నిలబడ్డాడు. తెర వైపు వేలు చూపించాడు.

"గీడే! మాట్లాడుతుండు సూడు! నా ఇంట్ల కూసోని మాట్లాడుతుండు! మల్ల పెట్టు!"

మళ్ళీ పెట్టాను. మళ్ళీ. నాలుగో అయిదో సారికి రెండు మాటలు తెలిశాయి నాకు. ఇసుక గాలి. మళ్ళీ వింటే ఇంకొకటి. కండ్లల్ల పడుతున్నది.

నేను కుర్చీ ఆయన వైపు తిప్పాను. "బాపూ, మీ ఊర్ల ఇసుక గాలి కొడ్తదా?"

"ఏంది?"

"గీ మనిషి ఇసుక గాలి అంటుండు. చెరుకు తోటలల్ల ఇసుక గాలి ఏడికెల్లి వచ్చింది?"

నేను ఇందాక ఎక్కించిన ఆయన పరీక్షా దగ్గును తెరమీద కింద వరసలో పెట్టి, క్యాసెట్‌లో దగ్గును పైవరసలో పెట్టాను. కంప్యూటర్‌లో శబ్దం గీతలుగా కనబడుతుంది. కింద ఒక చిన్న గుట్ట, ఒక పెద్ద గుట్ట. పైన కూడా అంతే. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించాను.

"మిషిన్ల ఏదో ఉన్నది" అన్నాడు. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు.

"ఏం లేదు బాపూ. ఆమె మాట్లాడకముందు గీ క్యాసెట్ల ఏముండె?"

"ఏముండె అంటే... నా మాటలే ఉండె. నేను పంపిందే గదా. దాని మీదనే ఆమె మల్ల..."

అక్కడ ఆగిపోయాడు. టేప్ రికార్డర్‌లో కొత్త మాట ఎక్కే ముందు పాత మాటను తుడిచే ముక్క ఒకటి ఉంటుందని, అది అరిగితే సగమే తుడుస్తుందని, పాతది కింద సన్నగా మిగిలిపోతుందని చెప్పాను. ఎవరు కొన్నారు ఆ రికార్డర్ అని అడిగాను. తనే మొదటి సెలవులో తెచ్చాడట, అక్కడ ఎవరో వాడి అమ్మింది. విన్నాడో లేదో తెలియదు, తెర మీది గుట్టలనే చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళిస్తే వాసన చూడకుండా గటగటా తాగాడు.

"అంటే నన్నే దేవులాడిన" అన్నాడు.

నాకు జాలి వేయాల్సింది, కోపమొచ్చింది. ఎంత కోపమంటే గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. "ఒక్క మాట అడిగితే అయిపోవు గదా బాపూ! గిదేందే అని ఆమె ముంగట గీ క్యాసెట్ పెడితే అయిపోవు గదా! పో, ఇంటికి పోయి ఆమె కాళ్ళు వట్టుకో."

"వట్టుకొని ఏమని చెప్పాలె?" అన్నాడు నెమ్మదిగా. "నీ మీద పాణముండి రాలేదు, నీ మీద అనుమానంతోటి వచ్చిన అని చెప్పాల్నా? ముప్ఫై ఏండ్ల నుంచి ఆమె నలుగుర్ల చెప్పుకొని సంబురపడుతున్నది బిడ్డా. గా సంబురం గూడ గుంజుకోవాల్నా?"

లాక్కున్న గ్లాసు మళ్ళీ నింపి ఆయన చేతికిచ్చాను.

కాసేపటికి ఆయనే, కొత్త కంప్యూటర్‌లో బోర్డు మీది సౌండ్‌తో ఎక్కించమన్నాడు. "ఎనుకది లేకుంట. ఆమె మాటలే ఉండాలె." సరేనని అలాగే ఎక్కించాను. దగ్గు లేదు, మోత లేదు, ఆమె గొంతొక్కటే. ఈసారి కుర్చీ గోడ దగ్గరకు జరుపుకోలేదు. తెర ఎదురుగా, తలుపుకు వీపు పెట్టి కూర్చుని విన్నాడు. చెరుకు కొట్టడం మొదలైంది. పెద్దది బడికి పోతోంది. నీకు దగ్గు మస్తున్నది, తగ్గిందా? శొంఠి దంచి పంపిన, పాలల్ల ఏసుకొని తాగు. ఆ మాట దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఆ శొంఠి పారేసిన బిడ్డా. అండ్ల ఏం కలిపి పంపిందో అని."

ఆ తర్వాత ఆయన ఏడ్చాడు. పెద్ద మనిషి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక నేనూ ఏడ్చాను. పోయేటప్పుడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. కార్డు ఊడదీయబోతే వద్దన్నాడు. పాత కార్డు మీద ఎక్కించినది డిలీట్ చెయ్యనా అని అడిగితే, "ఉండనీ. నాకు ఎందుకది" అన్నాడు. మళ్ళీ రాలేదు.

పోయిన చెరుకు సీజన్లో ఆమె ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఆయన ఫోటో. జ్ఞాపకార్థ కూడికకు పెద్దది చేయించాలట. నిద్రలోనే పోయాడని చెప్పింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టాను.

"నువ్వు ఇచ్చిన దాంట్ల నా మాటలు ఇనుకుంట పండుకునేటోడు బిడ్డా. రోజు గదే. గా ముసలి ముచ్చట్లు ఏమింటవయ్యా అంటే ఇననియ్యి అంటుండె" అంది. ఫోటోను చేత్తో నిమిరింది. "నా మాటలు ఉన్నయి. ఆయిన గొంతు మాత్రం ఇంట్ల ఏడ లేదు. ఫోన్ల ఎవలన్న రికార్డు చేస్తే కొట్లాడుతుండె. ఆయిన పంపిన క్యాసెట్లన్నీ నేనే కరాబు చేస్తిని. ఆయిన మాటల మీదనే నా మాటలు ఎక్కించి పంపితి. నీ దగ్గర ఏమన్న ఉన్నదా? ఒక్క మాటన్న?"

ఉంది. బల్ల కింద ఉంది. వినిపిస్తే ఆమె గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోతే? ఈ దగ్గెవరిదని నన్నడిగితే? గుర్తుపట్టినా, ఈ ముక్కను ఇలా ఎందుకు కోసి పెంచారని అడిగితే ఏం చెప్పను? కొత్తదాంట్లో ఉన్న సాఫు మాటలే మళ్ళీ వినిపించి, ఇంతే ఉందవ్వా అని పంపేద్దామనుకున్నాను. ఆమె చేతిలో ఫోటో చూస్తే చెయ్యి రాలేదు. పాత డబ్బా లాగి ఆన్ చేశాను. హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాను.

మొదట మోతకు మొహం చిట్లించింది. తర్వాత దగ్గు వచ్చింది, చిన్నదీ పెద్దదీ.

"ఆయినే!" అంది. ఇసుక గాలి మాట ఇంకా రానేలేదు. "గది ఆయిన దగ్గే! ఇన్నవా, ముందుగాల చిన్నది, ఎనుక పెద్దది! నా మాటల కింద ఉన్నడా బిడ్డా ఇన్నొద్దులు!"

ముప్ఫై ఏళ్ళలో ఆయనకు పట్టుబడనిది ఆమెకు ఒక్క దగ్గులో దొరికింది. మళ్ళీ పెట్టమంది, పెట్టాను. కళ్ళు మూసుకుని, హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుని వింది. తర్వాత కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"ఆయిన గిది ఇన్నడా?"

"ఇన్నడు అవ్వా."

"గుర్తువట్టిండా?"

ఫోటోలో ఆయన నన్నే చూస్తున్నట్టు అనిపించి దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను.

"ఎంబడే గుర్తువట్టిండు" అన్నాను.

"ఔ మల్ల" అందామె, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఎవల దగ్గు వాళ్ళకు తెల్వదా."